నీళ్ళు మార్చని సముద్రం

మా బావ హాల్లో ఒక సముద్రాన్ని పెంచాడు. గాజుతొట్టి, ఉప్పునీళ్ళు, రంగురంగుల పగడాలు. మూడేళ్ళుగా నీళ్ళే మార్చలేదనీ, ఆవిరైనంత మంచినీళ్ళు పోస్తే చాలనీ వచ్చినవాళ్ళందరికీ ఉపన్యాసం. అది వింటూ నేను ఎన్ని కాఫీలు చల్లార్చుకున్నానో!

అక్క ఆస్పత్రిలో చేరిన మూడో వారం పగడాలు తెల్లబడ్డాయి.

ఆమె మంచం పక్కన కూర్చుని బావ ఫోన్లో ఫోటో చూపించాడు. "అంతా ఎప్పటిలాగే చేశానే!"

"మీరు ఆఫీసుకెళ్ళాక వారానికో బకెట్ నీళ్ళు నేను మార్చేదాన్నండీ," అంది అక్క. "మీరంత గొప్పగా చెప్పుకుంటుంటే, చెప్పడానికి నోరు రాలేదు."

ఇంటికెప్పుడు పంపిస్తారో డాక్టరు చెప్పడం లేదు. బావ ఆమె చేతికున్న సూదివైపే చాలాసేపు చూశాడు.

"నాకు తెలియకుండా ఇంట్లో ఇంకా ఏమేం చేసేదానివే?"

అక్క కళ్ళు మూసుకుంది.

"కాగితం తెచ్చుకోండి," అంది.