అనకూడని పేరు

“సైట్ పేరు చెప్పక్కా! డబ్బాల మూతలు అచ్చుకి వెళ్లిపోతున్నాయి. అడ్రస్ లేకుండా ఉత్త మూతలు వేయించమంటావా?” రాజధాని బిష్కెక్ నుంచి ఫోన్లో గ్లెబ్ అరుస్తున్నాడు.

సాయ్‌కాల్ గోడ ఫోన్ రిసీవర్ని చెవికి అదిమి పట్టుకుంది. వాళ్ల తోట ఎండు ఆప్రికాట్లు అమ్మడానికి గ్లెబ్ తయారుచేస్తున్న సైట్ అది. పొద్దున లారీ ఎక్కుతూ భర్త మిర్లాన్ చెప్పింది ఒక్కటే మాట: “గ్లెబ్ ఫోన్ చేస్తే మా అమ్మ పేరు పెట్టమను.” ఉన్న ఒక్క సెల్‌ఫోనూ జేబులో వేసుకుని సిగ్నలందని కొండదారి పట్టాడు. కిర్గిజ్ కోడలు అత్తగారి పేరు నోట అనకూడదన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు!

“మా అత్తగారి పేరే, తమ్ముడూ.”

“అదే, ఏంటా పేరు?”

“నేను అనకూడదు.”

“ఏం, పోలీసులు వెతుకుతున్నారా ఆవిడ కోసం?”

“ఛీ, ఊరుకో! కోడల్ని కదా, ఎలా అంటాను?”

గ్లెబ్ రష్యన్ కుర్రాడు. కిర్గిజ్ మాటలు నాలుగు ముక్కలకు మించి రావు. “పోనీ అర్థం చెప్పు,” అన్నాడు.

“చవకకి ఎదురు మాట.”

“ఖరీదా? కొట్టుకి ఖరీదని పేరు పెడితే ఎవడొస్తాడక్కా?”

“ఆ ఖరీదు కాదు. ప్రాణంతో సమానమైన వాళ్లని అంటామే, అది.”

“ప్రాణమా? ప్రాణాలు ఎండబెట్టి అమ్ముతారా మీరు?”

సాయ్‌కాల్‌కి తల తిరిగిపోయింది. అర్థం చెప్పిన కొద్దీ పేరు దూరమైపోతోంది.

“పోనీ మీ ప్రాంతం పేరుతో ‘బత్కెన్ పండు’ అని పెట్టేయనా?” టకటకమని మీటలు నొక్కిన చప్పుడు. “ప్చ్, ఎవరో తీసేసుకున్నారు. ‘తీపి పండు’... అదీ పోయింది. ఒక పని చెయ్యి, ఒక్కో అక్షరమే చెప్పు. అది పేరు అన్నట్టు కాదుగా!”

నిజమే కదా అనుకుందామె. కానీ లైన్లో ఒకటే గరగర. ఆమె ఒకటి చెబితే అతనికి ఇంకోటి వినబడుతోంది.

“కిన్‌పత్?”

“కాదు.”

“కిట్‌మత్?”

“అయ్యో, కాదు!”

“అక్కా, ఇక్కడ అచ్చువాడు నన్ను తిడుతున్నాడు. నోరు తెరిచి ఒక్కసారి అనెయ్యి. లేదంటే నా పేరు పెట్టేస్తా!”

సాయ్‌కాల్ కిటికీలోంచి చూసింది. అత్తగారు పెరట్లో ఎండబెట్టిన పళ్లు తిరగేస్తోంది. కిటికీ మూసి, తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది.

“వినపడట్లేదు!”

ఇంకాస్త పైకి అంది.

“గట్టిగా అక్కా!”

ఏమైతే అదయిందని కళ్లు గట్టిగా మూసుకుంది. “కింబత్! కింబత్! కింబత్!” గొంతు చించుకుని అరిచింది.

“ఆఁ, కింబత్! ఖాళీగానే ఉంది. తీసేసుకుంటున్నా!” గ్లెబ్ ఫోన్ పెట్టేశాడు.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో అత్తగారు. చేతిలో పళ్ల పళ్లెం.

సాయ్‌కాల్ గబుక్కున రిసీవర్ పెట్టేసింది. “తప్పయిపోయింది, అత్తమ్మా! మీ అబ్బాయే... ఆ సైటూ... మూతలూ...” మాటలు ఒకదాని మీదొకటి పడ్డాయి.

ముసలావిడ పళ్లెం కింద పెట్టింది. తల మీది తెల్లగుడ్డ సవరించుకుని దగ్గరికొచ్చింది. కోడలు తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది.

“మా అమ్మ పోయాక ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదే పిల్లా,” అందావిడ. “ఏదీ, ఇంకోసారి పిలువు.”