మట్టి సంగతి

"క్లాస్ అంటే అచ్చు. ఆబ్జెక్ట్ అంటే ఇటుక. అచ్చు ఒక్కటే, ఇటుకలు ఎన్నైనా తీసుకోవచ్చు. జావా అంటే ఇంతే. ఇంతకన్నా తేలిగ్గా చెప్పాలంటే నేనే మీ బుర్రల్లోకి దిగాలి. లోపల బోలెడంత ఖాళీ ఉంది గానీ, దారే లేదు," అన్నారు సార్.

ఆ కోచింగ్ సెంటర్ ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్ మీద ఉంది. కింద ఎవరో కెవ్వుమన్నారు.

"విన్నారా? మీ ప్రోగ్రాములు చూస్తే నాకూ లోపల ఇలాగే ఉంటుంది. కాకపోతే ఆ పేషెంటుకి మత్తు సూది ఉంది," అన్నారు సార్.

సార్‌కి స్టూడెంట్లంటే చిన్నచూపు. కంపెనీల వాళ్ళంటే అంతకన్నా చిన్నచూపు. ఊళ్ళో ఉన్న ఇంటర్వ్యూ గదుల గురించి ఆయనకి తెలిసినంత ఆ గదులు కట్టిన మేస్త్రీకి కూడా తెలియదు. ఎక్కడ ఏసీ సూటిగా నడినెత్తిన కొడుతుందో, ఎక్కడ కుర్చీ కిర్రుమని పరువు తీస్తుందో, ఎక్కడ నోరు తెరిచి అడిగితే గానీ మంచినీళ్ళివ్వరో, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. "నేను కూర్చోని ఇంటర్వ్యూ లేదు ఈ ఊళ్ళో," అనేవారు. ఆ మాటకి క్లాసు క్లాసంతా నిటారుగా కూర్చునేది.

వెనక బెంచీ కుర్రాడొకడు చెయ్యెత్తాడు.

"సార్, మరి మట్టేంటి?"

బోర్డు మీద మార్కరు ఆగిపోయింది.

"ఏం మట్టి?"

"అచ్చంటే క్లాసన్నారు. ఇటుకంటే ఆబ్జెక్టన్నారు. మట్టి లేకుండా ఇటుక రాదు కద సార్. జావాలో ఆ మట్టి ఏంటీ అని."

సార్ మొహం కందగడ్డయింది. "ఎవడు నేర్పి పంపాడ్రా నిన్ను?"

"ఎవరూ లేద్సార్. డౌటొచ్చింది."

"మట్టంతా నీ బుర్రలోనే ఉంది నాయనా. లారీలు పెట్టి తోలినా తరగదు. కూర్చో."

క్లాసంతా విరగబడి నవ్వింది. కింద నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు కూడా నవ్వాడని చెప్పుకుంటారు. అప్పటినుంచీ వాడి పేరు మట్టి. చివరికి వాళ్ళమ్మ కూడా ఫోన్ చేసి, "మా మట్టి ఉన్నాడాండీ?" అని అడిగేదాకా వెళ్ళింది.

మట్టి వెళ్ళిన ప్రతి ఇంటర్వ్యూ నుంచీ వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చేవాడు. వాళ్ళ బావకి ఫోన్ కవర్ల కొట్టుంది. ఇంకొక్క ఇంటర్వ్యూ పోతే చదువు కట్టిపెట్టి బావ కొట్లో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు.

"టీషర్టు కూడా కుట్టించేశాడు సార్ బావ. వీపు మీద 'స్క్రీన్ గార్డులు వేయబడును' అని."

"వేసుకో. నీ వీపుకి అంతకన్నా పెద్ద ప్రాజెక్టు దొరకదు."

"శుక్రవారం ఆఖరిది ఉంది సార్. ఆ గాజు బిల్డింగు కంపెనీలో."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కడికి నిన్ను పిలిచారా? వాచ్‌మన్ ఉద్యోగమేమో, కాగితం సరిగ్గా చదువుకో. అక్కడో బట్టతలాయన ఉంటాడు. పెదాల మీద నవ్వుంటుంది, అడిగే ప్రశ్నలో బ్లేడుంటుంది."

"మీకు తెలుసా సార్ ఆయన?"

"తెలియకేం? ఆయనా నేనూ ఒకే టేబుల్ దగ్గర ఎన్నిసార్లు కూర్చున్నామో."

శుక్రవారం సార్ క్లాసు ఎగ్గొట్టారు. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని గాజు బిల్డింగులోకి అడుగుపెట్టేసరికి, సోఫా అంచున, కూర్చున్నాడో లేచాడో తెలియకుండా మట్టి కనిపించాడు.

"సార్, మీరూ వచ్చారా? హమ్మయ్య. మీరు లోపలుంటారంటే సగం భయం పోయింది. కొంచెం నన్ను చూసుకోండి సార్."

"నేను చూసుకోవడం దేనికిరా? నీకు ఉద్యోగమిస్తే ఈ అద్దాలన్నీ సిగ్గుతో వాటంతటవే పగిలిపోతాయి."

మట్టిని లోపలికి పిలిచారు. సార్ సోఫాలో వెనక్కి వాలి చుట్టూ చూశారు. ప్లాస్టిక్ మొక్కలు. వాటి పక్కనే, వాటికన్నా బిగుసుకుపోయి కూర్చున్న కుర్రాళ్ళు. ఒకడు పెదాలు కదుపుతూ ఏదో బట్టీ పడుతున్నాడు. ఈ మందలో జావా వచ్చిన తలకాయ ఒక్కటంటే ఒక్కటి లేదు అనుకున్నారు సార్. గోడకి వేలాడుతున్న గడియారం కూడా ఆయన కంటికి వెధవలాగే కనిపించింది.

తలుపు తెరుచుకుంది. మట్టి బయటికొచ్చాడు. వాడి మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"వచ్చింది సార్. సోమవారం నుంచి రమ్మన్నారు."

సార్ చెవుల్లో పళ్ళ డాక్టరు మిషను గిర్రున తిరిగింది. అద్దాల వైపు చూశారు. ఒక్కటీ పగల్లేదు.

"ఏమడిగారు?"

"క్లాసంటే ఏంటన్నారు. మీ అచ్చూ ఇటుకే చెప్పా. ఎందుకో బట్టతలాయన పగలబడి నవ్వాడు సార్. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మరి మట్టేంటి అన్నాడు. ఆరోజు మీరు తిట్టారు కదా, పౌరుషమొచ్చి అంతా వెతికి పెట్టుకున్నా. టకీమని చెప్పేశా."

సార్ సోఫా అంచుకి జరిగారు. "ఏమని చెప్పావ్?"

మట్టి జేబులో ఫోన్ మోగింది. "బావ సార్. ఈ మాట ముందు ఆయన మొహాన కొట్టొస్తా," అంటూ వాడు మెట్లవైపు పరుగెత్తాడు.

"ఒరేయ్, ఆగరా. అదేంటో చెప్పి చావు," అంటూ సార్ చెయ్యి చాపారు గానీ, వాడు అప్పటికే గాజు తలుపు దాటేశాడు.

ఇంతలో లోపలి తలుపు మళ్ళీ తెరుచుకుని, బట్టతలాయన తల బయటపెట్టి, "నెక్స్ట్ క్యాండిడేట్... ఓ, మళ్ళీ మీరేనా మాస్టారూ, రండి రండి, పోయినసారి మట్టి దగ్గరే కదా ఆగిపోయారు," అన్నాడు.