డాబా తాళం

డాబా తలుపుకి తాళం వేలాడుతోంది. లక్ష్మీకాంతం చంకలో బిందె దించి, తాళాన్ని ఒకసారి లాగి చూసింది. కొత్తది.

"ఒరేయ్ నానీ!" అని అరిచింది. "డాబాకి తాళం వేసిందెవరో మీ అమ్మనడగరా."

నానికి ఐదో నెల. జవాబు వాళ్లమ్మ రాజకుమారి ఇచ్చింది, కిటికీలోంచి.

"నేనే వేశానని చెప్పరా మీ పెద్దమ్మకి. రోజూ తడిపితే స్లాబు పాడైపోతుందని చెప్పు. ఎవరి వేడి వాళ్లు పడాలని కూడా చెప్పు."

"ఈ డాబా మీ తాతగారు ఇద్దరు కొడుకులకీ రాశారని మీ అమ్మకి చెప్పరా. తాళం ఒక్కరికే రాసివ్వలేదని చెప్పు."

తోటికోడళ్లిద్దరూ కార్తీకమాసం నుంచి మాట్లాడుకోవడం లేదు. ఇప్పుడు వైశాఖం. ఆ ఇంటికి పెరట్లో కుళాయి ఒకటే. కార్తీక సోమవారం నాడు లక్ష్మీకాంతం దీపపు కుందులు తోముకునే ఆ కుళాయి దగ్గరే రాజకుమారి కొరమీను తోమింది. అప్పుడామె కడుపుతో ఉంది. తినాలనిపించిందంటే మొగుడు బాబీ కొల్లేటి నుంచి తెచ్చాడు. లక్ష్మీకాంతం నోరు చేసుకుంది. రాజకుమారి ఊరుకోలేదు.

"ఇక నా గుమ్మం తొక్కద్దు" అంది.

లక్ష్మీకాంతం తొక్కలేదు. బారసాలకి కూడా వెళ్లలేదు. నాని పుట్టినందువల్ల ఇద్దరికీ ఒక వీలు దొరికింది. అనాల్సిందంతా వాడితో అంటున్నారు.

ఏలూరు పవర్‌పేటలో ఇల్లు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, ఆ పైన డాబా. పక్కన చెట్టు లేదు. మధ్యాహ్నానికి స్లాబు పెనంలా కాలుతుంది. ఆ వేడి తెల్లవారుజాము దాకా దిగదు. ఏసీ పెట్టుకుందామంటే ఆ వీధి ఓల్టేజీకి ఫ్యానే తిరగలేకపోతోంది.

ఎండలు ముదరగానే లక్ష్మీకాంతం డాబాకి సున్నం కొట్టించింది. జూట్‌మిల్లు దగ్గర పాత గోనెపట్టాలు కొని పరిచింది. వాటి మీదికి పెదపాడు నుంచి ఎండుగడ్డి ఆటోలో తెప్పించింది. ట్యాంకులో నీళ్లు కాగిపోయి ఉంటాయని పెరట్లో బోరింగు కొట్టి బిందెలతో మోస్తుంది. పొద్దెక్కాక ఒక విడత, భోజనాలయ్యాక ఒక విడత.

ఇవాళ్టి రెండో విడతకి తాళం అడ్డొచ్చింది. ఇప్పుడు తడపకపోతే రాత్రికి ఇల్లు కొలిమే.

బిందె అక్కడే వదిలి ఇంట్లోకి వచ్చింది. చలపతిరావు చాప కూడా లేకుండా గచ్చు మీద పడుకుని ఉన్నాడు. పెళ్లాం రోకలి తీయడం చూసి లేచి కూర్చున్నాడు.

"ఎందుకే అది? నాకు హాయిగానే ఉంది. నువ్వూ కాసేపు నడుం వాల్చు. అన్ని మాటలు పడి ఆ బిందెలు మొయ్యడం దేనికి?"

"గుమ్మం తొక్కద్దంది, తొక్కట్లేదు. డాబా కూడా ఆవిడ గుమ్మమేనాండీ?"

చలపతిరావు మళ్లీ పడుకున్నాడు.

మెట్ల మీద రోకలితో కనబడేసరికి ఎదురింటి సుబ్బాయమ్మ గేటు దాకా వచ్చింది.

"ఏమ్మా కాంతం, ఎవరి తల పగలగొడతావు?"

"తాళం తలేనండి."

"పోనిద్దూ. చిన్నకోడలు అంతగా వద్దంటోంది కదా."

"ఆవిడ వద్దంటే ఎండ మానేస్తుందాండీ?"

రోకలి దెబ్బకి తాళం పగల్లేదు. గొళ్లెమే ఊడొచ్చింది. ఆ చప్పుడుకి నాని గుక్కపట్టాడు.

"లేపేసిందిరా మీ పెద్దమ్మ!" రాజకుమారి గొంతు వీధంతా వినబడింది. "ఒళ్లంతా చెమటకాయలు. రాత్రంతా కన్ను మూయలేదు. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది, లేపేసింది. ఆదివారం మీ నాన్నని జంగారెడ్డిగూడెం నుంచి రానీ, చెబుతా."

"రమ్మనరా మీ నాన్నని. ఓ బిందె అందుకుంటాడు."

అంతే. నాని ఏడుపు సన్నబడింది. చెప్పుల చప్పుడెందుకని లక్ష్మీకాంతం వాటిని మెట్ల దగ్గరే విడిచేసింది. అరికాళ్లు చుర్రుమన్నాయి. మొదటి బిందెకి గడ్డిలోంచి ఆవిరి లేచింది. మళ్లీ దిగింది, బోరింగు కొట్టింది, ఎక్కింది. గోనెపట్టాలు నీళ్లు తాగి నల్లబడేదాకా మోసింది. మూలమూలకీ వంగి చేత్తో తడిమి చూసింది. పొడిగా తగిలిన చోట మళ్లీ పోసింది. ఎదురింటి గేటు దగ్గర సుబ్బాయమ్మ నిలబడలేక లోపలికి పోయింది.

ఊడిన గొళ్లేన్ని తలుపు పక్కన పెట్టింది. రేపు కొత్త తాళం పడుతుందని తెలుసు. రోకలి కూడా అక్కడే పెట్టింది.

బిందె గోడకి తగలనివ్వకుండా మెట్లు దిగుతూ, పై వాటా కిటికీలోంచి నిద్రపోతున్న నానిని ఒక్క క్షణం చూసి, లక్ష్మీకాంతం మిగతా మెట్లు కూడా దిగి కింది వాటాలో ఉన్న తన ఇంట్లోకి వెళ్లింది.