శనివారం సైరన్

"నీ లైనక్స్ గోల నాకొద్దమ్మాయ్. పన్నెండయ్యేసరికి సైరన్ మోగాలి, అంతే," అన్నాడు ఫైర్ చీఫ్ డెల్బర్ట్, తలుపుకు అడ్డంగా నిలబడి.

కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన వెర్నా తలెత్తకుండా కీబోర్డును టకటకలాడిస్తూనే ఉంది. ఫైర్ స్టేషన్ వెనకవైపు కిటికీ లేని గది అది. ఊరంతా స్తంభాలకు బిగించిన హార్న్‌లను మోగించేది అక్కడున్న, లైనక్స్‌తో నడిచే పాత కంప్యూటరే. సుడిగాలి వస్తోందని వాతావరణ కేంద్రం నుంచి కబురు అందగానే అది దానంతటదే సైరన్ మోగించాలి. ఓక్లహోమాలో, అదీ సుడిగాలుల కాలమైన మే నెలలో, సైరన్ మూగబోతే ఊరు ప్రాణాలను గాలికి వదిలేసినట్టే. వెర్నాకు అది ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె కూతురు ఇప్పుడు సగం ఊరితో పాటు స్టేషన్ ఎదురుగా ఉన్న బేస్‌బాల్ మైదానంలో ఉంది.

"పోయిన శనివారం పన్నెండు గంటల పరీక్షలో మోగలేదని ఇప్పుడా చెప్పేది?"

"ఎవరైనా అడిగితేగా? శనివారం సైరన్‌కి ఈ ఊళ్లో కుక్క కూడా తలెత్తదు. వాచీలు సరిచేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదది," అన్నాడు డెల్బర్ట్. "ఆ సౌండ్ డ్రైవరేదో చచ్చుంటుంది."

"బతికే ఉంది. చూడండి."

తెర మీద శబ్దాన్ని కొలిచే పచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. కంప్యూటర్ శబ్దం పంపుతూనే ఉంది. మరి ఎక్కడికి పోతోందది?

గదిలో ఉక్కపోత ఊపిరాడనివ్వడం లేదు. బల్బు మినుకుమని మళ్లీ వెలిగింది. చెవులు దిబ్బడ వేస్తున్నాయి. వెర్నాకు ఎందుకో భయం వేసింది. ఈ పని వదిలేసి కూతురి దగ్గరికి పోవాలనిపించింది.

"ఈ మానిటర్ కొత్తదా చీఫ్?"

"ఈమధ్యే పెట్టించా. బాగుంది కదూ?"

"ఇదే కొంప ముంచింది. లైనక్స్ దీన్ని కూడా స్పీకరనుకుని పెద్దపీట వేసింది. శబ్దమంతా దీనికే పోతోంది. దీనికేమో నోరే లేదు."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టన్నమాట," నవ్వాడు డెల్బర్ట్.

వెర్నాకు నవ్వు రాలేదు. శబ్దాన్ని మానిటర్ నుంచి హార్న్‌లకు మళ్లించమని ఆదేశం టైపు చేసి, ఎంటర్ నొక్కింది.

గోడలు అదిరిపోయాయి. ఊరి నలుమూలలా సైరన్ ఊళ పెట్టింది.

డెల్బర్ట్ వీధి గుమ్మం దాకా వెళ్లి చూసి, తీరిగ్గా వెనక్కి వచ్చాడు.

"సరిగ్గా పన్నెండు. శభాష్. నేను చెప్పలా, మైదానంలో ఒక్కడు కదిలితే ఒట్టు. నీ కూతురైతే బ్యాట్ భుజాన వేసుకుని నవ్వుతోంది. నైరుతి మూల కాస్త మబ్బేసింది గానీ, ఆట చెడదులే."

వెర్నా కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"చీఫ్... పరీక్ష నేనింకా మొదలుపెట్టలేదు."