గిన్నె అడుగున

సూప్ గిన్నె అడుగున కాస్త మిగలగానే నా చెయ్యి దానంతటదే ఎర్ర వైన్ సీసా మీదికి పోయింది.

టేబుల్ కింద మా ఆవిడ సొలాంజ్ నా కాలు తొక్కింది.

ఫ్రాన్సులో మా పెరిగోర్ పల్లెల్లో సూప్ చివర ఇంత వైన్ పోసి, గిన్నె ఎత్తి గటగటా తాగేస్తాం. షబ్రో అంటాం. మా తాత తాగాడు, మా నాన్న తాగాడు. బోర్డో పట్నం నుంచి కాపురానికొచ్చిన మా ఆవిడకి మాత్రం అది పశువులు కుడితి తాగినట్టుంటుంది.

"ఈ ఒక్క పూటా మనిషిలా తినవయ్యా," అని పొద్దుటినుంచీ ఒకటే పోరు. మా అబ్బాయి తిబో తను పెళ్ళాడబోయే పిల్లని మొదటిసారి ఇంటికి తెచ్చాడు మరి. పేరు హనిత్ర, మడగాస్కర్ పిల్ల.

సీసా వదిలేశాను. గిన్నె మాత్రం తియ్యనివ్వలేదు.

బాతు మాంసంలోకి హనిత్రే అన్నం వండింది. అడుగంటింది. తిన్నాక ఆ గిన్నె తోమేద్దామని సొలాంజ్ లేచింది.

"అయ్యో, కడక్కండి మేడమ్!"

ఆ పిల్ల మాడిన అన్నం మీదే నీళ్ళు పోసి, మరగబెట్టి, కప్పుల్లోకి వంచి తెచ్చింది. గోధుమరంగు నీళ్ళు.

సొలాంజ్ మొహం చూడాలి!

హనిత్ర చేతులు ఆగిపోయాయి. "మా ఇంట్లో భోజనమయ్యాక అందరం ఇదే తాగుతాం. మీకు మోటుగా ఉంటే వద్దులెండి."

తిబో తలొంచుకున్నాడు. కప్పు లాక్కుని తాగాను. వేయించిన గింజల వాసన. వెచ్చగా, హాయిగా ఉంది.

"ఏమే, రోజూ టవర్‌లో టూరిస్టులకి ఏం చెబుతావో ఓసారి చెప్పు."

నాలుగొందల ఏళ్ళ కిందట మా ఊరి టవర్‌లో కూర్చుని రాసుకున్న తత్వవేత్త గురించి చెప్పడమే మా ఆవిడ ఉద్యోగం. ఆయన మాట కోసం ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

"మొదలెట్టావా?"

"చెప్పవే."

"మనకి అలవాటు లేనిదల్లా మనకి మోటుగానే కనిపిస్తుందన్నాడు," గొణిగింది.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట!" అన్నాను.

సొలాంజ్ నవ్వు ఆపుకోలేక కప్పు అందుకుంది. ఒక గుక్క. ఇంకో గుక్క.

"ఇంకాస్త ఉందా, అమ్మాయ్?"

ఇదే అదను. చల్లారిన నా సూప్‌లో వైన్ పోసి గిన్నె ఎత్తాను.

హనిత్ర కళ్ళు ఇంతయ్యాయి. "అయితే మీరూ గిన్నె అడుగు వదలరన్నమాట!"

తిబో గొల్లున నవ్వాడు.

సొలాంజ్ లేచి వెళ్ళి, తన గిన్నెలో మళ్ళీ కాస్త సూప్ పోసుకొచ్చి, నా సీసా పక్కన పెట్టింది.

"కొంచెమే పొయ్యి," అంది.