బుట్టకో సీసా

"ఈ ఏడాది టమాటాలు నేనే సీసాల్లో నిలవ పెడదామని మూడు దుకాణాలు తిరిగాను. మెత్తబడి పారబోసేవే కదమ్మా, ఒక్క బుట్టకి ఇంత బెట్టా?" విసుగ్గా అన్నాను.

"పారబోస్తాను గానీ ఊరికే ఇవ్వను, మాస్టారూ," అంది కూరగాయలామె.

"మా ఆవిడకి ఏటా ఊరికేగా ఇచ్చావు?"

"ఊరికేనని అమ్మగారు చెప్పారా?"

చెప్పలేదు. నేనే అనుకున్నాను. బేరమాడడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అని బడిలో గొప్పలు కూడా పోయాను.

"మెత్తబడ్డవన్నీ పట్టుకెళ్లేవారు. ఉడికించి సీసాల్లో పోసి, బుట్టకో సీసా నాకిచ్చేవారు. ధర మండిపోయే రోజుల్లో మా ఇంట్లో కూర దాంతోనే." ఆమె తల దించుకుంది. "పోయినసారి పట్టుకెళ్లిన బుట్టకి సీసా రాలేదు. మనిషే పోయాక ఏ నోటితో అడగను?"

మా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు గుమ్మం పక్కన సంచిలో ఒక సీసా ఉంది. ఎవరికో ఇవ్వడానికి పెట్టిందని నాకు తోచలేదు. ఆవిడ చేతి చివరి సీసా అని అలమరలో దాచుకున్నాను. ఆరు నెలలుగా మూత తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు.

కూరగాయలామె ఏమనుకుందో, మెత్తబడ్డ పళ్లు ఏరి నా బుట్టలో వెయ్యబోయింది.

"ఆగమ్మా," అన్నాను. "నీ సీసా మా ఇంట్లో ఉండిపోయింది. ముందు అది తెస్తాను."