బొడ్లో తాళంచెవి

ఊరందరిలాగే ఆ ఇంట్లోనూ కారుకీ, ఫ్రిజ్జుకీ, బీరువాకీ కలిపి ఒకటే రిమోట్ తాళంచెవి. అది అత్తగారు మాణిక్యాంబ బొడ్లో ఉండేది. ఆవిడ ఇంట్లో అటూ ఇటూ తిరిగితే చాలు, తలుపులన్నీ టకటకా తెరుచుకునేవి. తాళంచెవిలో బ్యాటరీ రెండు రోజులు కూడా ఆగేది కాదు.

రిపేరుకొచ్చిన జిలానీ తాళంచెవిని తిప్పి చూశాడు.

"మీరు తిరిగినంతసేపూ ఇది ఆ తలుపులతో కబుర్లాడుతోందమ్మా. స్టీలు డబ్బాలో పెట్టి మూతేస్తే నోరు మూసుకుంటుంది."

కోడలు హేమలత పరుగున పోపులడబ్బా తెచ్చింది.

"ఇందులో పెడదాం అత్తయ్యా. వంటింట్లో నా దగ్గరే ఉంటుంది."

నలభై ఏళ్ల పెత్తనం చేజారిపోదూ! మాణిక్యాంబ డబ్బా కోసం చెయ్యి చాపింది.

"ఇలా తే," అంది.

ఇప్పుడు బ్యాటరీ ఆర్నెల్లు వస్తోంది. ఆవాలు, మెంతులతో సహా పోపులడబ్బా మాణిక్యాంబ నడుముకు వేలాడుతోంది. పప్పులో పోపు పెట్టాలన్నా హేమలత ఆవిణ్ణే పిలవాలి.